‘ఎవరికి, ఎప్పుడు తెలిసింది?’ – ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లకు, పోలీసు ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్లకు, పోలీసు ఉన్నతాధికారులకు నమస్కారాలు.

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల్లో ఎక్కడైనా ఒక పిల్లపై లైంగిక దాడి జరిగిందని కేసు నమోదైతే, మరునాడు పేపర్లో నిందితుడికి ముసుగు వేసి నిలబెట్టిన ఫొటో వస్తుంది, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద రిమాండుకు పంపినట్టు నాలుగు వాక్యాలు వస్తాయి, దానితో ఆ సంగతి ప్రజల దృష్టిలో ముగిసిపోతుంది. ఆ మనిషి ఆ పని ఎన్నాళ్లుగా చేస్తున్నాడు, ఆ మధ్యకాలంలో ఎవరెవరి చెవిన పడింది, చెవిన పడినవారు ఏం చేశారు అన్న ప్రశ్నలు వార్తలోనే కాదు, నేను చదివిన చార్జిషీట్లలో కూడా చాలావాటిలో కనిపించవు. బాధితుల తరఫున నల్లగొండ కోర్టులో పనిచేస్తున్న న్యాయవాదిగా ఆ ప్రశ్నలను మీ ముందు పెట్టడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేరం చేసినవాడికి శిక్ష చాలడం లేదన్నది నా ఫిర్యాదు కాదు. 2019 సవరణ తర్వాత పోక్సో చట్టం 6వ సెక్షన్ కింద కనీస శిక్ష 20 ఏళ్ల కఠిన కారాగారం, గరిష్ఠ శిక్ష మరణదండన. బడిలో పనిచేసేవాడు ఆ బడి పిల్లపైనే అత్యాచారం చేస్తే అది ఈ సెక్షన్ కిందికే వస్తుంది. అయితే అదే చట్టంలో 19, 21 సెక్షన్లు కూడా ఉన్నాయి. పిల్లపై నేరం జరిగిందని తెలిసిన, లేదా జరగవచ్చునన్న అనుమానం కలిగిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చునని, సంస్థకు బాధ్యుడుగా ఉన్నవాడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకుండా దాస్తే ఏడాది వరకు జైలు, దానితో పాటు జరిమానా అని 21వ సెక్షన్ అంటుంది. ఈ చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. అప్పటి నుంచి ఈ ఎనిమిది జిల్లాల్లో 21వ సెక్షన్ కింద ఎంతమంది హెడ్మాస్టర్లు, వార్డెన్లు, ప్రిన్సిపాళ్లు, సర్పంచులు, డాక్టర్లు బోనులో నిలబడ్డారో మీ దగ్గరి రికార్డులే చెప్పాలి. నా కళ్లకు మాత్రం ఆ సెక్షన్ ఎఫ్‌ఐఆర్‌లో అరుదుగా కనిపిస్తుంది, చార్జిషీటు నాటికి ఇంకా అరుదవుతుంది.

మన ఊళ్లలో ఇలాంటి సంగతి ముందుగా పోలీస్ స్టేషన్‌కు పోదు, పెద్దమనుషుల దగ్గరికి పోతుంది. ‘ఊరి పరువు పోతది, రేపు పిల్ల పెండ్లి గావాలె గదా’ అనే మాటతో పంచాయితీ మొదలవుతుంది. ఇరువైపులా డిపాజిట్ కట్టించుకుంటారు, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటారు, చివరికి వంద రూపాయల బాండ్ పేపర్ మీద ఒక కాగితం రాస్తారు. అలాంటి కాగితాలు నా చేతికి వచ్చినప్పుడు నేను జాగ్రత్తగా చదువుతాను. వాటిలో పిల్ల పేరు ఉండదు, పిల్ల వయసు ఉండదు, ఏం జరిగిందో ఉండదు. ‘మా మధ్య జరిగిన గొడవను పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుకొని రాజీపడినాము, ఇకముందు ఎటువంటి కేసులకు పోము’ అని ఉంటుంది. కింద తండ్రి వేలిముద్ర, అవతలివాడి సంతకం, ఎడమవైపు సాక్షులు అని రాసి నలుగురైదుగురి సంతకాలు, పైన తేదీ ఉంటాయి. కొన్నిటిలో సంతకం పక్కన వార్డు మెంబర్ అనో, మాజీ సర్పంచ్ అనో హోదా కూడా రాసుకుంటారు.

ఆ కాగితాన్ని బాధిత కుటుంబం మీద ప్రయోగించే ఆయుధంగానే ఇంతకాలం చూశాము. నేను మీకు మనవి చేసేది ఏమిటంటే, అది ఆ పెద్దమనుషుల మీద ఉన్న మొట్టమొదటి లిఖిత సాక్ష్యం. ఫలానా తేదీన ఫలానా నలుగురికి ఈ నేరం సంగతి తెలుసునని, తెలిసీ పోలీసులకు చెప్పలేదని, పైగా చెప్పకుండా ఉండేందుకు ఒప్పందం కుదిర్చారని వాళ్ల చేతిరాతతోనే అందులో ఉంది. నేరస్థుణ్ణి శిక్ష తప్పించడానికి డబ్బు పుచ్చుకోవడం, ఇవ్వడం పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో విడిగా నేరాలు. రాజీ కుదిరింది కాబట్టి కేసు కొట్టేయాలన్న వాదన కూడా ఇక నిలవదు. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద పెట్టిన పోక్సో కేసును, పిల్ల తండ్రితో రాజీ అయిందన్న కారణంతో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న ఆ ఉత్తర్వును రద్దు చేసి కేసు నడవాల్సిందేనని తీర్పు చెప్పింది. అందువల్ల ఇలాంటి కాగితం ఉందని తెలిసిన వెంటనే దర్యాప్తు అధికారి దాన్ని జప్తు చేయాలి, సంతకాలు చేసినవారిని పిలిపించాలి. ‘ఊరోళ్లు, వాళ్లనెందుకు ఇరికించుడు’ అనే మొహమాటం ఇక్కడ పనికిరాదు.

పెద్దమనుషుల కన్నా ఎక్కువ బాధ్యత హాస్టళ్లను, గురుకులాలను, ఆశ్రమ పాఠశాలలను, ప్రైవేటు రెసిడెన్షియల్ బడులను నడిపేవారిది, ఎందుకంటే మన దగ్గర పిల్లలను హాస్టల్లో వదలడం చాలా కుటుంబాలకు తప్పని అవసరం. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవాళ్లు, దేవరకొండ, చందంపేట తండాల నుంచి ఇటుక బట్టీలకు పోయేవాళ్లు పిల్లను అవ్వ దగ్గరో, హాస్టల్లోనో విడిచి ఆరేడు నెలలు కనిపించకుండా పోతారు. ఆ పిల్లకు ఏదైనా జరిగితే చెప్పుకోవడానికి చేరువలో ఉన్న పెద్దమనిషి వార్డెన్ ఒక్కరే. ఆ వార్డెన్ నోరు మూసుకుంటే పిల్లకు మరో దారి లేదు. గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అని రాసి ఉంటుంది, నిజమే, కానీ ఫోన్ ఉండేది వార్డెన్ గదిలోనే.

అక్కడ కప్పిపుచ్చడం ఎలా జరుగుతుందో ఆఫీసు ఫైళ్లు చదివినవారికి తెలుసు. పిల్లలు ఫిర్యాదు చేసిన టీచర్‌ను జిల్లా ఆఫీసుకు ‘సరెండర్’ చేస్తారు. ఉత్తర్వులో కారణం ‘పరిపాలనా సౌలభ్యం’ అని ఉంటుంది. కొన్నాళ్లకు అతడు మరో మండలంలో, మరో బడిలో, మరో పిల్లల ముందు నిలబడతాడు. వాచ్‌మన్, వంటమనిషి, డ్రైవర్ వంటి అవుట్‌సోర్సింగ్ వాళ్ల విషయంలో ఆ మాత్రం కాగితం కూడా ఉండదు, ‘ఏజెన్సీకి చెప్పి మార్పించినం’ అంటారు. ఏజెన్సీ అతణ్ణి ఏ హాస్టల్‌కు మార్చిందో ఎవరూ అడగరు. నోటిమాటగా అందిన ఫిర్యాదు మీద సరెండర్ చేశారంటే అధికారికి నేరం సంగతి తెలిసినట్టే. తెలిసి కూడా పోలీసులకు రాయలేదంటే 21వ సెక్షన్‌లోని ఏడాది శిక్ష ఆ సంతకం చేసిన అధికారికి వర్తిస్తుందన్నది నా వాదన. ఇది కఠినంగా వినిపించవచ్చు. పిల్లల మీద నేరాన్ని బదిలీతో సరిపెట్టే అధికారం ఏ సర్వీసు నిబంధనా ఏ అధికారికీ ఇవ్వలేదు.

చట్టంలో ఉన్న చిక్కును దాచి రాయడం సబబు కాదు కాబట్టి అదీ చెప్తాను. కేరళలో ఒక పోక్సో కేసులో ఆస్పత్రి సిబ్బందిని నేరం దాచారన్న అభియోగం నుంచి తప్పిస్తూ 2018లో సుప్రీంకోర్టు, ‘తెలిసి ఉండాల్సింది’ అన్నది చాలదని, నిజంగా ‘తెలుసు’ అని చూపాలని తేల్చింది. దానికి నాలుగేళ్ల తర్వాత, 2022 నవంబరు 2న, మన సరిహద్దు అవతల మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో హాస్టల్ గిరిజన బాలికల కేసులో తీర్పు వచ్చింది. పిల్లలకు వైద్యం చేసిన డాక్టర్, జరిగిన సంగతిని పోలీసులకు చెప్పలేదన్న కేసును బాంబే హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించి, తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం తీవ్రమైన నేరమని, అది నేరస్థుణ్ణి కాపాడే ప్రయత్నమని చెప్పింది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే దర్యాప్తు అధికారికి దారి స్పష్టంగా కనిపిస్తుంది. తెలిసిందని రుజువు చేయాలి, రుజువు చేయాలంటే మొదటి వారంలోనే సాక్ష్యం పట్టుకోవాలి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి తొలగించిన మెసేజ్, పిల్ల తల్లి వార్డెన్‌కు ఫోన్ చేసిన కాల్ రికార్డు, సిక్ రిజిస్టర్‌లో ‘కడుపునొప్పి’ అని రాసిన పేజీ, ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన మందుల చీటీ వంటివి ఆరు నెలల తర్వాత వెతికితే దొరకవు.

ఆ పని జరిగితే ఏమవుతుందో మన జిల్లా చరిత్రలోనే ఉంది. 2014 జనవరిలో నల్లగొండ జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన హాస్టల్‌లో గిరిజన బాలికలపై ట్యూటర్ చేసిన అఘాయిత్యాలు బయటపడ్డాయి (ఆ తండా పేరు రాయను, అక్కడ ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై కాపురాలు చేసుకుంటూ ఉంటారు). 2021లో నల్లగొండ కోర్టు తీర్పు చెప్పినప్పుడు ట్యూటర్‌తో పాటు హాస్టల్ నిర్వాహకులకు కూడా శిక్ష పడింది. ఏడేళ్లు పట్టినా అది మన కోర్టులో, మన పోలీసుల దర్యాప్తుతోనే సాధ్యమైంది. 2018లో యాదగిరిగుట్టలో కొన్ని ఇళ్ల నుంచి చిన్నచిన్న ఆడపిల్లలను పోలీసులు విడిపించినప్పుడు, పిల్లలు త్వరగా ఎదిగినట్టు కనిపించడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చాడన్న ఆరోపణ మీద ఒక డాక్టర్‌ను కూడా అరెస్టు చేశారు. సిరంజి పట్టినవాడు, ఇల్లు అద్దెకిచ్చినవాడు, నెలనెలా మామూలు పుచ్చుకున్నవాడు లేకుండా అలాంటి వ్యాపారం ఒక్క వారం నడవదు. 2019లో బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో బావుల నుంచి పిల్లల అవశేషాలు వెలికితీసినప్పుడు, 2015లో కనిపించకుండా పోయిన పిల్ల జాడ కూడా ఆ తవ్వకాల్లోనే తెలిసింది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు నేరస్థుడికి మరణశిక్ష విధించింది. ఆ నాలుగేళ్లు ఆ పిల్ల మిస్సింగ్ ఫైల్ మీద ఏం జరిగిందన్న ప్రశ్నకు ఆ శిక్ష జవాబు కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమని నేను భావించే సంగతి. ఒక హాస్టల్‌లో మొదటి పిల్ల వచ్చి వార్డెన్‌కు చెప్పిందనుకుందాం. వార్డెన్ ఆ పిల్లనే కసిరి పంపింది. రెండు నెలల తర్వాత అదే మనిషి రెండో పిల్లపై అత్యాచారం చేశాడు. మొదటి పిల్ల విషయంలో వార్డెన్ చేసింది చెప్పకపోవడం, దానికి 21వ సెక్షన్ ఉంది. రెండో పిల్ల విషయంలో వార్డెన్ చేసింది అంతకన్నా పెద్దది. పోక్సో 16వ సెక్షన్, ఉద్దేశపూర్వకంగా సాయపడటం పనితోనే కాక, చట్టం చేయమన్నది చేయకుండా ఉండటం వల్ల కూడా జరుగుతుందని చెప్తుంది. అలాంటి తోడ్పాటు వల్ల నేరం జరిగితే, తోడ్పడినవారికి ఆ నేరానికి ఉన్న శిక్షే పడుతుందని 17వ సెక్షన్ అంటుంది. అంటే ఉద్దేశం రుజువైతే ఆరు నెలలో, ఏడాదో కాదు, కనీసం 20 ఏళ్లు. మౌనమంతా తోడ్పాటు కాదని నాకు తెలుసు, ఉద్దేశాన్ని రుజువు చేయడం తేలిక కాదనీ తెలుసు. కానీ మొదటి ఫిర్యాదుకూ రెండో నేరానికీ మధ్య బాధ్యులు ఏం చేశారో, పిల్లను బెదిరించారా, రిజిస్టర్ దిద్దారా, అదే మనిషిని రాత్రి డ్యూటీలో కొనసాగించారా అన్నది దర్యాప్తు చేయకుండానే ‘రుజువు కాదు’ అని వదిలేస్తున్నారు. ఈ కోణంలో రాసిన చార్జిషీటు ఒక్కటి కోర్టులో నిలబడినా, ఎనిమిది జిల్లాల్లోని ప్రతి స్టాఫ్ రూములో దాని గురించి మాట్లాడుకుంటారు.

దీనికి తోడు కాలపరిమితి అనే గుంత ఒకటి ఉంది, అందులో కేసులు చప్పుడు లేకుండా పడిపోతాయి. ఏడాదికి మించని జైలు శిక్ష ఉన్న నేరాలను కోర్టు విచారణకు స్వీకరించడానికి గడువు ఒక ఏడాది మాత్రమేనని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ చెప్తుంది. అసలు నేరస్థుడి మీద ముందు చార్జిషీటు వేసి, దాచినవాళ్ల సంగతి తర్వాత చూద్దామని పక్కన పెడితే, ఆ తర్వాత వచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది. కలిపి విచారించదగిన నేరాలైతే పెద్ద శిక్ష ఉన్నదాన్ని బట్టే గడువు లెక్కించాలని అదే సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ అంటుంది. కనుక దాచినవారి పేర్లు అదే చార్జిషీటులో, అసలు నిందితుడి పేరు కిందనే రావాలి. ఈ ఒక్క విషయం మీద ఎస్పీలు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

స్టేషన్ గడప దగ్గరే ఆగిపోయే ఫిర్యాదుల గురించి కూడా ఒక మాట. తల్లి పిల్లను తీసుకొని వస్తే ‘మా పరిధి కాదు’ అనడం, ‘పొద్దున రండి’ అనడం, ‘పెద్దమనుషులతో మాట్లాడుకోండి’ అనడం నేరాన్ని దాచడం కిందికే వస్తాయి. పరిధితో పని లేకుండా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని నాగరిక సురక్షా సంహిత చెప్తుంది. అత్యాచారం ఫిర్యాదును నమోదు చేయని పోలీసు అధికారికి ఆరు నెలలకు తక్కువ కాకుండా, రెండేళ్ల వరకు కఠిన కారాగారమని భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ అంటుంది. హెడ్మాస్టర్‌ను బోనెక్కించాలని అడిగే మేము, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు మినహాయింపు ఇవ్వమని అడగలేము.

అయితే ఈ సెక్షన్ల బరువు మోయలేని భుజాల మీద పడకూడదు. భర్త మీదో, మరిది మీదో బతుకు ఆధారపడిన తల్లి, పిల్ల చెప్పింది విని భయపడి నెల రోజులు ఎవరికీ చెప్పలేదంటే, ఆమెను నిందితురాలిగా చేరిస్తే కేసు చచ్చిపోతుంది, పిల్లకు మిగిలిన ఒక్క దిక్కూ పోతుంది. ఆమె మీకు సాక్షి. గర్భం దాల్చిన పిల్లకు గర్భస్రావం చేసే డాక్టర్, పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, గుర్తింపు వివరాలు పోలీసులకు ఇచ్చే నివేదికలో రాయనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది, దాన్ని గౌరవించాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, హాస్టల్ ఆయమ్మ, కాంట్రాక్టు మీద పనిచేసే సీఆర్‌టీ టీచర్ ముందుకొచ్చి చెప్తే ఉద్యోగం పోతుందని భయపడతారు, ఆ భయం ఉత్తది కాదు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవని 19వ సెక్షన్ హామీ ఇస్తుంది గానీ, మరుసటి నెల కాంట్రాక్టు పొడిగించకుండా ఉండటాన్ని అది ఆపలేదు. దాన్ని ఆపగలిగేది కలెక్టర్ సంతకం. నా తూకం ఒకటే: అధికారం ఎంత ఉంటే బాధ్యత అంత, శిక్ష అంత.

ఈ తూకం మనకు కొత్తది కాదు. పాలమూరు పల్లెల్లో ఆడపిల్లలను జోగినులుగా వదిలే ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం, ఆ తంతు జరిపించినవారిని, ప్రోత్సహించినవారిని, అందులో పాల్గొన్నవారిని శిక్షించమంది. పిల్లను అనుభవించే దొర కన్నా ముందు పిల్లను ఆ గడపకు చేర్చేవాళ్లు ఉంటారని ఆ చట్టం రాసినవారికి తెలుసు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కూడా పెళ్లి జరిపించినవారికి, ప్రోత్సహించినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అంటుంది. చట్టాలు రాసేవారు ఎప్పుడో చూసినదాన్ని అమలు చేసేవారు ఇంకా చూడడం లేదన్నదే నా బాధ.

కలెక్టర్లను నేను కోరేది, పిల్లల ఫిర్యాదు కారణంగా ఎవరినైనా సరెండర్ చేసినా, సస్పెండ్ చేసినా, ఏజెన్సీ ద్వారా మార్చినా, ఆ ఉత్తర్వులో పోలీసు ఫిర్యాదు నంబరు, తేదీ తప్పనిసరిగా ఉండాలని, అవి లేని ఉత్తర్వును ట్రెజరీ నుంచి విద్యాశాఖ దాకా ఎవరూ అంగీకరించకూడదని ఆదేశించండి. పిల్లలతో పనిచేసే సిబ్బంది అందరికీ నిర్ణీత వ్యవధుల్లో పోలీసు వెరిఫికేషన్ జరగాలని 2020 పోక్సో నియమాలు చెప్తున్నాయి. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీల బిల్లు పాస్ చేసే ముందు ఆ సర్టిఫికెట్లు అడగండి, బిల్లు ఆగితే వెరిఫికేషన్ తనంతట తానే కదులుతుంది. పోలీసు అధికారులను కోరేది, ప్రతి పోక్సో కేసు డైరీలో ‘ఈ సంగతి ఎవరికి, ఎప్పుడు తెలిసింది, వారు ఏం చేశారు’ అన్న ప్రశ్నకు విడిగా ఒక జవాబు రాయించండి. ఎవరికీ తెలియదని తేలితే అదే రాయించండి. మీ ఇద్దరినీ కోరేది, ఆరు నెలలకొకసారి 21వ సెక్షన్ కింద పెట్టిన కేసులు, వేసిన చార్జిషీట్లు, పడిన శిక్షల సంఖ్యను, పిల్లల వివరాలేవీ లేకుండా, జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టండి.

ఈ లేఖ ప్రతులను ఎనిమిది జిల్లాల బాలల సంక్షేమ కమిటీలకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు కూడా పంపుతున్నాను. 21వ సెక్షన్ కేసుల సంఖ్య కోరుతూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులను దీనితో పాటే మీ కార్యాలయాలకు పోస్టు చేశాను. చట్టం ఇచ్చిన 30 రోజుల గడువులో వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా, జిల్లాల వారీగా ప్రకటిస్తాను.

భవదీయురాలు,
ఒక న్యాయవాది,
నల్లగొండ